ఇనుము వంగేదెప్పుడు, తెగేదెప్పుడు?

ఖిలా వరంగల్‌లోని ఖుష్ మహల్‌లో అడుగుపెట్టినవారి చూపు ముందుగా అక్కడి పెద్ద కమానులపై నిలుస్తుంది. కొద్ది దూరంలోనే కాకతీయుల రాతి తోరణాలున్నాయి. రాయి ఎంతటి అదుముడుకైనా ఓర్చుకుంటుంది. లాగుడుకు మాత్రం తాళలేదు. అడ్డంగా పరచిన రాతి దూలంపై మితిమీరిన భారం పడితే దాని అడుగుభాగం సాగలేక పగులుతుంది. అందుకే కమాను కట్టే శిల్పులు, రాళ్లు ఒకదానినొకటి అదుముకొనేటట్లు భారాన్ని మళ్లిస్తారు.

ఇనుము స్వభావం వేరు. అది అదుముడునూ, లాగుడునూ భరిస్తుంది. తెగేముందు వంగి హెచ్చరిస్తుంది. ఇది మానవులకు అల్లాహ్ ప్రసాదించిన గొప్ప అనుగ్రహం. దివ్యఖుర్ఆన్‌లోని 57వ సూరా పేరు ‘హదీద్’, అంటే ఇనుము. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) కొరకు ఇనుమును మెత్తబరచిన సంగతీ, కవచపు కడియాలను సరైన కొలతతో కూర్చమన్న ఆదేశమూ 34వ సూరా ‘సబా’లో ఉన్నాయి.

లోహంలో పరమాణువులు వరుసలుగా అమరి ఉంటాయి. స్వల్ప భారానికి ఆ వరుసలు కొంచెం సాగి, భారం తీయగానే యథాస్థితికి వస్తాయి. హద్దు దాటితే ఒకదానిపై ఒకటి జారతాయి. ఆ వంపు ఇక పోదు. జారేకొద్దీ లోపల చిక్కులు పడి లోహం గట్టిపడుతుంది. తీగను లాగినప్పుడు సన్నబడిన చోటు గట్టిపడుతుంది కనుక, సాగుడు పక్కభాగానికి మారి తీగ అంతటా సమంగా సాగుతుంది. కాని గట్టిపడడం సన్నబడడాన్ని అందుకోలేని ఘడియ ఒకటి వస్తుంది. అప్పటినుంచి సాగుడంతా ఒకేచోట పోగై, అక్కడ మెడవంటి నొక్కు ఏర్పడి, తీగ తెగిపోతుంది.

ఈ మర్మాన్ని తెలంగాణ కమ్మరులు చేతివిద్యగా ఎరిగినవారు. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో కరిగించి చేసిన ఉక్కు కొరకు ఇరాన్ వర్తకులు వచ్చేవారు. డమాస్కస్ ఖడ్గాలకు పేరు తెచ్చినది ఇటువంటి ఉక్కే. అందులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం. నేటి ఇంటి నిర్మాణపు కడ్డీలలో దాదాపు పావు శాతమే. కర్బనం పెరిగితే కాఠిన్యం పెరుగుతుంది, సాగే గుణం తగ్గుతుంది. ఆ ఉక్కు ముద్దను అతిగా కాల్చి సమ్మెటతో కొడితే ముక్కలయ్యేది. మితమైన వేడిలో ఓపికగా సాగదీసినవారికే ఖడ్గం దక్కేది.

మన ఇళ్లలో ప్రమాదం మరో దారిన వస్తుంది. ఒక్కసారికి ఏ హానీ చేయని చిన్న భారమైనా, వేలసార్లు పడి లేస్తే లోహంలో సూక్ష్మమైన పగులు పుట్టించగలదు. పగులు కొనవద్ద ఒత్తిడి పోగవుతుంది. పగులు పొడవయ్యేకొద్దీ మరింత త్వరగా పాకుతుంది. ఒకనాడు మిగిలిన భాగం భారం మోయలేక, వంగి హెచ్చరించకుండానే, హఠాత్తుగా తెగుతుంది. కనుక ఊయల కొక్కేన్నీ, ఫ్యాను వేలాడే కడ్డీనీ, నిచ్చెన మెట్లనూ అప్పుడప్పుడు పరిశీలించాలి. అరిగి సన్నబడినా, వెల్డింగు పక్కన వెంట్రుకంత గీత కనిపించినా మార్చివేయాలి. వంగిన కొక్కేన్ని సుత్తితో సరిచేసి మళ్లీ వాడరాదు. చూపుకు తిన్నగా ఉన్నా, దాని సాగే శక్తిలో కొంత అప్పటికే ఖర్చయిపోయింది.

పసిబిడ్డ ఊయలకు కొక్కెం బిగించేవాడూ, ఇంటికప్పుకు కడ్డీలు వంచేవాడూ, వారిచేత పని చేయించుకొనే యజమానీ ఒక అమానతును మోస్తున్నారు. ఎవరూ చూడరని నాసిరకపు కొక్కెం బిగించినవాడు ఆ బిడ్డ ప్రాణాన్నే పణంగా పెడుతున్నాడు. కడియాలను కొలతతో కూర్చమన్న ఆదేశంలో చేతిపనివారందరికీ పాఠముంది.