‘సమ్‌థింగ్ వెంట్ రాంగ్’ కాదు, అసలేం జరిగిందో చెప్పండి: డేటాబేస్ ఎర్రర్ల కథ

మా అనంతపురంలో ఖరీఫ్ వేరుశనగ, అదే మా శెనక్కాయ, వానను నమ్ముకునే పంట. వాన మొహం చాటేస్తే పంటల బీమా, ఇన్‌పుట్ సబ్సిడీనే దిక్కు. వాటికి ఈ-క్రాప్‌లో పంట నమోదై ఉండాలి. అలాంటి నమోదు యాప్ ఒకటి మనమే రాస్తున్నామనుకోండి. సేవ్ నొక్కితే ‘సమ్‌థింగ్ వెంట్ రాంగ్’ అని వచ్చింది. గట్టు మీద నిలబడ్డ మనిషి ఏమనుకోవాలి? సిగ్నల్ లేదనా, గడువు అయిపోయిందనా?

కారణం డేటాబేస్‌కి తెలుసు. ఒక సర్వే నంబర్‌కి సీజన్‌కి ఒకే ఎంట్రీ అని మనం యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టాం. 112 మీద అన్న ముందే నమోదు చేసుకున్నాడు, తమ్ముడిది ఆగిపోయింది. పోస్ట్‌గ్రెస్ అయితే 23505 అనే కోడ్, దెబ్బతిన్న కన్‌స్ట్రెయింట్ పేరు, డీటెయిల్ లైన్‌లో ఏ విలువ ముందే ఉందో కూడా పంపుతుంది. మధ్యలో మన కోడే దాన్ని మింగేస్తుంది.

అలాగని ఆ లైన్‌ని యథాతథంగా స్క్రీన్ మీద పడేయొద్దు. యూనిక్ రూల్ ఆధార్ మీద ఉంటే ఆ నంబర్ కూడా అందులోనే బయటపడుతుంది. మెసేజ్‌లో పదాలు వెతికే రీజెక్స్ కూడా వద్దు. 2013లో వచ్చిన 9.3 వెర్షన్ నుంచి టేబుల్, కాలమ్, కన్‌స్ట్రెయింట్ పేర్లు విడివిడి ఫీల్డ్‌లుగా వస్తున్నాయి. కన్‌స్ట్రెయింట్‌కి మనమే పేరు పెట్టి, ఆ పేరుకి ఎదురుగా ఒక తెలుగు వాక్యం రాసుకుంటే చాలు.

పేరే తెలుగులో పెట్టొచ్చా? పెట్టొచ్చు. కానీ పేరుకి పరిమితి 63 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతం గుర్తు, పొల్లు కూడా లెక్కలోకే వస్తాయి. అంటే మొత్తం 21. దాటితే తోక కత్తిరిస్తుంది. నేనైతే పేరు ఇంగ్లీషులో, మెసేజ్ తెలుగులో పెడతా.

ఇప్పుడు ఆ వాక్యం రాద్దాం: ‘సర్వే నంబర్ 112కి ఈ ఖరీఫ్‌లో ఇప్పటికే నమోదు ఉంది. మీరు...’ ఆ తర్వాత? తమ్ముడు చేయగలిగిందేమీ లేదు! అంటే తప్పు మన రూల్‌దే. ఒకే సర్వే నంబర్‌లో ఇద్దరికి భూమి ఉండొచ్చు కాబట్టి ఖాతా నంబర్ కూడా కలిపి యూనిక్ చేయాలి.

ఫోన్‌లో ఉండే ఎస్‌క్యూలైట్‌తో ఇంకో చిక్కుంది. యూనిక్ తప్పితే టేబుల్, కాలమ్ పేర్లు చెప్తుంది. ఫారిన్ కీ తప్పితే మాత్రం ‘ఫెయిల్డ్’ అని ఊరుకుంటుంది, ఏదో చెప్పదు. లోపల అది ఎన్ని తప్పాయో లెక్క మాత్రమే పెట్టుకుంటుంది మరి. అందుకే ఊరి కోడ్ లాంటివి ఇన్సర్ట్‌కి ముందే చెక్ చేసుకోండి.