మామిడికాయ ముదురుటకు పట్టు కాలము – ఎండవేడిమి

క్రిందటి యేడు ఉగాది పోయిన నెలనాళ్లకు కాయ కోసితిమి గనుక ఈ యేడును అట్లే కోయుదుమని చెప్పు రైతులు కలరు. ఇది పొరపాటు. అధికమాసము వచ్చిన ఉగాదియే వెనుకకు జరుగును. చెట్టునకు తిథివారములతో పనిలేదు. కాయ ముదురుటకు పట్టు దినములు ఆ యేటి వేడిమినిబట్టి మాఱుచుండును.

చలికాలపు రాత్రులు తగినంత చల్లగానున్న యెడల మామిడి బాగుగ పూయును. చలి ఆలస్యమైనచో పూతయు ఆలస్యమై, పలు విడతలుగ వచ్చును. అట్టి యేట ఒకే చెట్టున ముదురుకాయలును లేతకాయలును కలిసియుండును గావున తోటనంతయు ఒక్కమాఱు దులిపివేయరాదు. పిందె కట్టినది మొదలు బేనిషాను కాయ ముదురుటకు సుమారు 100 దినములు పట్టును. ఎండలు ముందుగ ముదిరినచో ఈ గడువు కొంత తగ్గును, చల్లగానున్నచో పెరుగును. అయితే వేడిమి మితిమీరినచో మేలు కలుగదు. పిందెలు రాలును, ఎండ తగులు ప్రక్క కాయ కమలిపోవును.

కావున దినములు లెక్కించుటతోపాటు కాయను చూడవలెను. ముదిరిన కాయకు భుజములు తొడిమకంటె పైకి లేచును, ముచ్చికవద్ద గుంటపడును, ముదురాకుపచ్చ రంగు కొంత తేలికపడును, కోసిచూచిన టెంకవద్ద కండ పసుపువాఱును. కొన్ని కాయలను నీటిలో వేసి చూచుట మంచిది. ముదిరినవి మునుగును, లేతవి తేలును. తొలిసంత ధరకు ఆశపడి లేతకాయ కోసినవారి సరకు గడ్డిలో ముడుతలుపడి పుల్లగనే యుండును. రెండవమాఱు బేరగాడు ఆ తోటవైపు చూడడు.

కోసిన పిమ్మటను వేడిమి ప్రభావము తప్పదు. 20 మొదలు 24 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు గల చోట కాయ చక్కని రంగుతో, రుచితో పండును. మే మాసపు రేకుల కొట్టులో 35 డిగ్రీలు దాటిన యెడల లోపల మెత్తబడినను తోలు పచ్చగనే నిలుచును. 12 డిగ్రీలకు దిగువ శీతలగిడ్డంగిలో నుంచిన పచ్చికాయకు నల్లమచ్చలు పడి, తరువాత సరిగా పండదు. కావున కోతను ప్రొద్దుననే ముగించి, కాయలను నీడపట్టున గాలి తగులునట్లు పలుచగ పఱుపవలెను. కార్బైడుతో మాగించుట చట్టముచే నిషిద్ధము. ఎథిలీన్ వాయువు వాడుటకు అనుమతి కలదు గాని, అదియు లేతకాయకు తీపి నీయజాలదు.