అటక తేలికైతే మనసూ తేలికే!

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. అటక మీద ఏముందో చూడమని మాత్రం అనలేదు, అంతవరకూ మన అదృష్టం! మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, తిరగని మిక్సీ, పిల్లలు చిన్నప్పుడు తొక్కిన మూడు చక్రాల సైకిలు, టీవీ కొన్నప్పటి అట్టపెట్టె... అన్నీ 'ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాయి' అని దాచినవే. ఆ 'ఎప్పుడో' మాత్రం రానే రాదు.

రోజూ ఊడుస్తాం, తుడుస్తాం, సర్దుతాం. సాయంత్రానికి ఇల్లు మళ్ళీ మొదటికే! ఇది మీ బద్ధకం కాదండీ. చోటుకి మించి సామాను ఉంటే, ఎంత సర్దినా ఇక్కడిది అక్కడికి మారుతుందే తప్ప తగ్గదు.

మనసు మీద బరువెందుకు?

మిక్సీ కనబడితే 'బాగు చేయించాలి', జాకెట్టు గుడ్డ కనబడితే 'కుట్టించాలి'. ప్రతి వస్తువూ ఏదో ఒక పని గుర్తుచేస్తూనే ఉంటుంది. ఇక కాసేపు కూర్చున్నా విశ్రాంతి ఎక్కడిది?

డార్బీ సాక్స్‌బీ, రెనా రెపెట్టి అనే అమెరికన్ పరిశోధకులు భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే 30 జంటలను పరిశీలించి, 2010లో ఆ వివరాలు ప్రచురించారు. ఎవరిల్లు వాళ్ళే తిప్పి చూపిస్తూ దాని గురించి చెప్పమన్నారు. ఇల్లు చిందరవందరగా ఉందనీ, పనులు మిగిలిపోయాయనీ ఎక్కువగా చెప్పిన భార్యలకు పొద్దు గడిచేకొద్దీ దిగులు పెరగడం గమనించారు. ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ అనే హార్మోను సాయంత్రానికి తగ్గాల్సినంతగా వాళ్ళలో తగ్గలేదట. సామానే దీనికి కారణమని అంత చిన్న పరిశీలనతో తేలిపోదు గానీ, ఆ అలసట ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా?

ఒక్క అరతో మొదలు

'ఈ ఆదివారం ఇల్లంతా దులిపేస్తా' అని కొంగు బిగించకండి. మధ్యాహ్నానికి హాలు నిండా సామాను, నడుం నొప్పి, ఇంట్లోవాళ్ళకి అన్నం ఆలస్యం! రోజుకి అరగంట, ఒక్క అర చాలు. ముందు వంటింట్లో మొదలుపెట్టండి. అరలో సామాను మొత్తం దించి, తుడిచి, మూడు కుప్పలు చేయండి: వాడేవి, ఇచ్చేసేవి, పారేసేవి.

జంతికల గొట్టం, ఆవకాయ జాడీ ఏడాదికోసారే బయటికొస్తాయి. అంతమాత్రాన అవి అక్కర్లేనివి కావు. రెండు వేసవులు, రెండు సంక్రాంతులు దాటినా చేతిలోకి రాని వస్తువు ఇక రాదనే అనుకోవచ్చు.

కాగితాల దగ్గర మాత్రం తొందర వద్దు. ఇంటి దస్తావేజులు, పన్ను రసీదులు, పిల్లల సర్టిఫికెట్లు, ఆస్పత్రి రిపోర్టులు ఒక ఫైల్లో పెట్టాకే మిగతా వాటి జోలికి వెళ్ళండి.

మీవి కానివి

మావారి పాత పత్రికలు, అత్తయ్యగారి ఇత్తడి బిందె, అబ్బాయి క్రికెట్ బ్యాటు... వీటిని చెప్పకుండా తీసేస్తే అటక తేలికవుతుందేమో గానీ ఇంట్లో గొడవ బరువెక్కుతుంది. ఎవరివి వాళ్ళనే ఏరమనండి. అత్తయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఏ బిందె పుట్టింటిదో, ఏది సంతలో కొన్నదో ఆవిడే చెబుతారు. ఉంచాల్సింది ఏదో అప్పుడు తేలిపోతుంది.

జ్ఞాపకాలు చివరికి

అన్నిటికన్నా కష్టం పోయినవారి వస్తువులు. అమ్మ చీరలు బీరువా అడుగున ఉంటాయి. కట్టుకోలేం, ఇవ్వలేం, చూస్తే కళ్ళు నిండుతాయి. బాధ ఇంకా పచ్చిగా ఉంటే వాటిని ముట్టుకోకండి, తొందరేం లేదు. మనసు కుదుటపడ్డాక ఒకటి మీరు కట్టుకోండి. మెత్తబడిన నూలు చీరలతో బొంత కుట్టించుకోండి. మిగతావి అక్కచెల్లెళ్ళు, మేనకోడళ్ళు పంచుకుంటారు. చీర ఇచ్చేస్తే అమ్మని మరిచిపోయినట్టు కాదు. మరో నలుగురి ఒంటి మీద అమ్మ కనబడుతుంది.

పంపించే దారి

• బట్టలు ఇచ్చేటప్పుడు ఉతికి, గుండీలు కుట్టి ఇవ్వండి. చిరిగినవి మసిగుడ్డలకి పనికొస్తాయి.

• పాత చీరలకి స్టీలు గిన్నెలు తీసుకుంటే సామాను తగ్గినట్టా, పెరిగినట్టా? ఆలోచించండి!

• పాడైన మిక్సీలు, చార్జర్లు చెత్తబుట్టలో వేయకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికే ఇవ్వండి.

• పాత చెక్క సామాను భోగి మంటలో వేయడం మన ఆనవాయితీ. ప్లాస్టిక్, టైర్లు, రంగులేసిన చెక్క మాత్రం వద్దు. ఆ పొగ పిల్లలకి, ముసలివాళ్ళకి ప్రమాదం.

• మేడ మీద పగిలిన బకెట్లు, టైర్లు ముందు తీసేయండి. వాటిలో నిలిచిన వాన నీళ్ళలోనే డెంగ్యూ దోమ పుడుతుంది.

ఖాళీ అయిన అర చూసి మురిసిపోయి వెంటనే స్టీలు షాపుకి పరుగెత్తకండి సుమా! ఒకటి లోపలికొస్తే ఒకటి బయటికెళ్ళాలి అని నియమం పెట్టుకోండి. కొత్త డబ్బా కొనేముందు పాతది ఎవరికిస్తారో అనుకుని కొనండి.

ఇంతకీ, రేపు మధ్యాహ్నం ఏ అరతో మొదలుపెడుతున్నారు?