వేయిపడగలు: నామార్థవిచారము

బెజవాడలో గుణదలకుఁ జేరువనున్న మాచవరమున ఎస్. ఆర్. ఆర్., సి. వి. ఆర్. కళాశాల కలదు. విశ్వనాథ సత్యనారాయణగారు 1938 మొదలు 1959 వఱకు అందుఁ దెలుఁగు బోధించిరి. బెజవాడకు వచ్చునప్పటికే వారు 'వేయిపడగలు' నవలచేఁ బ్రఖ్యాతులు.

వారు 1895 సెప్టెంబరు 10వ తేదీని కృష్ణామండలములోని నందమూరున జన్మించి, బందరున చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారికి శిష్యులైరి. గురువు కీర్తి పద్యమువలన. శిష్యులు పద్యముతోఁబాటు దాదాపు 60 నవలలు రచించిరి. 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము మాత్రము 'శ్రీమద్రామాయణ కల్పవృక్షము'నకే వచ్చినది. 1976 అక్టోబరు 18న దివంగతులైరి.

ఆంధ్రవిశ్వకళాపరిషత్తు పెట్టిన నవలల పోటీలో 1934లో 'వేయిపడగలు', అడివి బాపిరాజుగారి 'నారాయణరావు' బహుమానమును బంచుకొన్నవి. ఇంతటి బృహద్గ్రంథమును గ్రంథకర్త 29 దినములలో నాశువుగాఁ జెప్పఁగాఁ దమ్ముఁడు వేంకటేశ్వర్లుగారు వ్రాసిరని ప్రసిద్ధి. ఆ వేగము ఫలితము గ్రంథమునఁ గానవచ్చును. చర్చలు కథను మ్రింగివేయు పట్టులు పెక్కు. నామకరణమునందు మాత్రము తొందర లేదు.

'ముక్కంటి' యనఁగా మూఁడు కన్నులు గలవాఁడు. అది బహువ్రీహి, వినఁగానే శివుఁడు తోఁచును గాని కన్నులు లెక్కకు రావు. 'వేయిపడగలు' అట్టిది కాదు. 'ముజ్జగములు', 'నలుదిక్కులు' వలె నిది ద్విగువు. ఉత్తరపదము బహువచనముతో నిలిచి, పడగలనే చెప్పును గాని పామును జెప్పదు. కథలో సుబ్బన్నపేట సుబ్రహ్మణ్యేశ్వరుని పడగలు ధర్మములకు సంకేతములు. అవి యొక్కొక్కటిగా నణఁగిపోఁగాఁ దుదకు దాంపత్యధర్మము మిగులును. లెక్క తెలియనివానికి నష్టము తెలియదు గదా!

ఈ గ్రంథము కేవలము పూర్వాచారస్తోత్రమని యాక్షేపించువారు కలరు. ఆ మాట నిరాధారము కాదు. వర్ణధర్మమునెడ గ్రంథకర్త పక్షపాతము దాఁపఱికము లేనిది. కాని స్తోత్రమే యుద్దిష్టమైనచో సంస్కృతమెఱిఁగిన కవికి ఫణీంద్రుని పేరు దొరకకపోవునా? ఆయన పోవుచున్నవానినే పేరుగాఁ బెట్టెను.

తరువాత ప్రధానమంత్రి యైన పి. వి. నరసింహారావుగారు ఈ నవలను హిందీలోనికి ననువదించిరి. ఆ యనువాదము 'సహస్రఫణ్' అను పేర 1968లో వెలువడెను. 'సహస్రం ఫణా యస్య' యని విగ్రహము చెప్పినచో నది బహువ్రీహి యగును. హిందీ చదువరికి మొదట తోఁచునది శేషుఁడే. 'హజార్ ఫన్' అన్నచో లెక్క నిలుచును గాని, యింతటి గ్రంథమునకు బరువు చాలని పేరుగా వినఁబడును. అనువాదకుని యిబ్బంది యదియే కావచ్చును.