దేవతలన్నాం... ఎలా ఉన్నావని అడిగామా?

2020 మార్చి 22, ఆదివారం. సాయంత్రం ఐదు గంటలకి మా వీధివాళ్లందరితోపాటు నేనూ గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టాను. పిల్లలు కంచాలు మోగించారు. ఎదురింటి మేడమీద అద్దెకుండే సిస్టరమ్మ డ్యూటీకి వెళ్తూ అందరికీ నవ్వుతూ దణ్ణం పెట్టింది.

మూడు వారాలు తిరక్కుండానే ఆ ఇంటివాళ్లు "ఖాళీ చెయ్యమ్మా, మాకూ పిల్లలున్నారు" అన్నారు. రాత్రిపూట ఆటోలో సామాను ఎక్కించుకుంది. నేనేమీ అనలేదు. అడ్డు చెప్పనూ లేదు. తలుపు దగ్గరగా వేసుకున్నాను.

ఇది మా ఒక్క వీధి కథ కాదు. దేశంలో చాలాచోట్ల డాక్టర్లకీ, నర్సులకీ ఇదే అనుభవం. కొన్నిచోట్ల రాళ్లదెబ్బలు కూడా! వైద్య సిబ్బందిని తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్లదాకా జైలు అంటూ ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. మే 3న ఆసుపత్రుల మీద హెలికాప్టర్లతో పూలు చల్లారు. సంతోషమే. కానీ ఆ డ్యూటీ దిగి ఇంటికెళ్లినవాళ్లకు కంటిమీద కునుకు పట్టిందా అని ఎవరడిగారు?

ఆ ఫోను మోగుతూనే ఉంది

రెండేళ్ల తర్వాత ఓ పెళ్లిలో కనిపించింది సిస్టరమ్మ. మాటల్లో ఆ రోజులొచ్చాయి.

"పీపీఈ కిట్టు వేసుకుంటే ఆరేసి గంటలు విప్పడానికి లేదక్కా. బాత్రూంకి వెళ్లాల్సొస్తుందని మంచినీళ్లు మానేసేవాళ్లం. నెలసరి రోజుల్లో ఇక చెప్పక్కర్లేదు. అయినా అది ఒంటికష్టం, మర్చిపోయాను. 2021 మేలో ఓ పెద్దాయన ఫోను చేతికిచ్చి 'మా అమ్మాయిని చూపించమ్మా' అన్నాడు. ఈలోగా పక్క మంచం దగ్గర మానిటర్ మోగింది. పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి ఆయన లేడు. ఫోను మాత్రం మోగుతూనే ఉంది. ఇప్పటికీ అలాంటి రింగు వింటే చేతులు చల్లబడిపోతాయి."

"ఇంట్లో చెప్పావా?"

"చెబితే అందరికీ ఉన్నదేగా అంటారు. బయటేమో మమ్మల్ని దేవతలన్నారు. దేవతలు ఏడవకూడదు కదక్కా!"

ఇది బలహీనత కాదు

కాపాడలేకపోయానన్న అపరాధభావం మనసుకి తగిలిన దెబ్బే. కాలు విరిగితే కట్టు కట్టినట్టే దీనికీ వైద్యం కావాలి. 2020 జనవరి నుంచి 2021 మే వరకు ప్రపంచంలో లక్షా 15 వేలమంది ఆరోగ్య సిబ్బంది కొవిడ్‌తో చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బతికినవాళ్లు లోలోపల ఎంత నలిగిపోయారో ఆ లెక్కలో లేదు. న్యూయార్క్‌లో ఎమర్జెన్సీ డాక్టరు లోర్నా బ్రీన్ తానూ కొవిడ్ బారినపడి, కోలుకుని డ్యూటీకెళ్లారు. 2020 ఏప్రిల్‌లో ప్రాణం తీసుకున్నారు. మనసుకి వైద్యం చేయించుకుంటే ఉద్యోగం పోతుందని భయపడ్డారని ఆమె కుటుంబం చెప్పింది. వైద్య సిబ్బంది మానసిక ఆరోగ్యం కోసం 2022లో అమెరికా ఆమె పేరుతోనే చట్టం తెచ్చింది.

మన ఇంట్లో ఉంటే...

మీ ఇంట్లో నర్సో, ఆశా కార్యకర్తో, అంబులెన్స్ డ్రైవరో ఉన్నారా? నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, అయినదానికీ కానిదానికీ విసుక్కోవడం, 'నావల్లే పోయారు' అని కుమిలిపోవడం కనిపిస్తే పొగరనో, బద్ధకమనో కొట్టిపారేయకండి. 'మర్చిపో' అనకండి, చెప్పేది వినండి. నైట్ డ్యూటీ చేసొచ్చిన కోడల్ని నేరుగా వంటింట్లోకి పంపకండి, ముందు పడుకోనివ్వండి. వారాలు గడిచినా తగ్గకపోతే మానసిక వైద్యుణ్ణి కలవాలి. టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకాలని లేదు అంటే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పెళ్లిలో సెలవు తీసుకుంటూ, "ఆ రాత్రి తలుపేసుకున్నాను, ఏమనుకోకమ్మా" అన్నాను. సిస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని, "తెలుసక్కా. కిటికీలో లైటు వెలుగుతూనే ఉంది" అంది.

మీ వీధిలోనూ ఓ సిస్టరమ్మ ఉండే ఉంటుంది. ఈసారి కనిపించినప్పుడు ఓ కప్పు కాఫీ ఇచ్చి, 'ఎలా ఉన్నావమ్మా?' అని అడగండి. జవాబు చెప్పేదాకా ఆగండి.