బోనకల్ ఒక దేశమైతే

ఖమ్మం జిల్లా అనగానే బయటివాళ్లకు భద్రాచలం అడవి, గోదావరి గుర్తొస్తాయి. బోనకల్‌కు ఆ రెండూ దూరమే. ఇది జిల్లాకు దక్షిణపు కొస, మధిర పక్కన. మిర్చి, పత్తి, మొక్కజొన్న, కాలువ కింద వరి. కాజీపేట-విజయవాడ లైను మీద ఒక స్టేషన్. ఇంకాస్త ముందుకెళ్తే ఆంధ్రప్రదేశ్.

ఈ వైపు ఊళ్లకు సరిహద్దు 2014లో వచ్చింది కాదు. 1948 దాకా నిజాం రాజ్యం ఈ పరిసరాల్లోనే ముగిసేది. గీతకు అటు ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లా. ఇటు నిజాం సొంత నాణెం హాలీ సిక్కా, సొంత తపాలా, సొంత రైలు. సరుకు గీత దాటాలంటే కరోడ్‌గిరి నాకా దగ్గర సుంకం చెల్లించాల్సిందే. 1889లో నిజాం రైలు బెజవాడ చేరాక రెండు రాజ్యాల మధ్య రాకపోకలకు ఇదే బాట అయింది. అందుకే బోనకల్ ఒక చిన్న దేశమైతే ఎలా బతుకుతుందన్న ప్రశ్న ఇక్కడ మరీ గాలి కబురేమీ కాదు.

చిన్న దేశం తనకు కావలసినవన్నీ పండించుకోలేదు, పండించినదంతా తినలేదు. అమ్మకమూ బయటే, కొనుగోలూ బయటే. ధర చెప్పేది మాత్రం ఎప్పుడూ అవతలివాడే. ఇక్కడి మిర్చి రైతును అడిగితే ఈ ముక్క ఇంతకంటే సూటిగా చెబుతాడు.

పండేది ఎక్కువగా తేజ రకం. కల్లంలో ఎండి, బస్తాల్లోకెక్కి ఖమ్మం మార్కెట్‌కు పోతుంది. అక్కడినుంచి చైనాకు, థాయ్‌లాండ్‌కు, మలేసియాకు. చైనా దీన్ని కూరల్లోకే కాదు, ఒలియోరెసిన్ అనే సారం తీయడానికీ కొంటుంది. మార్కెట్లో పొద్దున్నే జెండా పాట, అంటే వేలం. ఏదో ఒక మంచి లాటుకు పలికిన ఆ ధరే మర్నాడు పేపర్లో వస్తుంది. మిగతా సరుకంతా దాని కిందే. తాలు కాయల ధర సరేసరి.

2017 ఏప్రిల్ 28న ఆ మార్కెట్లో జరిగింది జిల్లా ఇంకా మరిచిపోలేదు. అంతకుముందు ఏడాది పది వేలు దాటిన క్వింటా మూడు వేల దగ్గరికి జారడంతో రైతులు తిరగబడ్డారు. కేసులు పెట్టారు. అరెస్టయిన రైతులకు బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. మే నెలలో కేంద్రం క్వింటాకు 5,000 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. అప్పటికే చాలామంది అమ్ముకున్నారు.

మారిషస్ కథ ఇక్కడే గుర్తొస్తుంది. 19వ శతాబ్దంలో కోరంగి, విశాఖ రేవుల నుంచి మన కూలీలు ఓడలెక్కి పోయిన దీవి అది. వాళ్ల సంతతి ఇప్పటికీ అక్కడ ఉగాది చేసుకుంటుంది. ఉన్నదల్లా ఒకే పంట, చెరకు. 1961లో ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ ఆ దీవి భవిష్యత్తు మీద పెద్దగా ఆశ లేదని తేల్చేశాడు. స్వాతంత్ర్యం 1968లో వచ్చింది. రెండేళ్లకే ఎగుమతుల పరిశ్రమలకు ప్రత్యేక చట్టం చేసుకున్నారు. 1975లో యూరప్‌తో కుదిరిన చక్కెర ఒప్పందం ఏటా సుమారు ఐదు లక్షల టన్నులకు ఖాయమైన ధర ఇచ్చింది. చాలా ఏళ్లు అది ప్రపంచ ధర కంటే ఎక్కువే. అంటే వాళ్లు ముందు ధరను కట్టడి చేసుకున్నారు. ఆ మిగులులో కొంత బట్టల మిల్లుల్లోకి, హోటళ్లలోకి మళ్లింది. 2009లో ఒప్పందం ముగిసేసరికి దేశం ఒక్క చెరకు మీదే నిలబడిలేదు. 2020లో ప్రపంచ బ్యాంకు దాన్ని అధిక ఆదాయ దేశాల్లో చేర్చింది. కొవిడ్ దెబ్బకు మరుసటి ఏడాదే కిందికి దించింది. చిన్నదానికి ఆ గండం ఎప్పుడూ ఉంటుంది.

ఇక నీళ్లు. సింగపూర్ 1962 ఒప్పందం ప్రకారం 2061 దాకా మలేసియా నుంచి నీళ్లు కొంటుంది. అయినా ఆ ఒక్కదాన్నే నమ్ముకోకుండా 2003 నుంచి వాడిన నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడుకుంటోంది. బోనకల్‌ది సాగర్ ఎడమ కాలువ. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలిన కాలువ అది. బోనకల్ బ్రాంచి దానికి పిల్ల కాలువ. 2024 సెప్టెంబరు 1న సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర ఎడమ కాలువకు గండి పడింది. గండి ఎక్కడో, ఎండే పొలం ఎక్కడో. సీతారామ ఎత్తిపోతలతో గోదావరి నీళ్లను సాగర్ ఆయకట్టుకు తేవాలన్న ఆలోచన అందుకే నాకు నచ్చుతుంది. ఖర్చు మాట వేరే చర్చ.

సరిహద్దు కూడా మళ్లీ పనిలోకి వచ్చింది. 2024లో తెలంగాణ సన్నవడ్లకు క్వింటాకు 500 రూపాయల బోనస్ ఇస్తామనగానే అటునుంచి ధాన్యం రాకుండా చెక్‌పోస్టులు వెలిశాయి. కరోడ్‌గిరి నాకా చూసిన తాతలుంటే నవ్వుకునేవాళ్లు. బోనస్, రైతుబంధు లాంటివి ఒక దేశం తన పౌరులకు ఇచ్చుకునే రక్షణే. కానీ 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకు అందింది. ధర పడితే మునిగేది మాత్రం చాలా చోట్ల కౌలుదారు.

ఇప్పుడు నాగపూర్-విజయవాడ గ్రీన్‌ఫీల్డ్ హైవే ఈ వైపుగా వస్తోంది. అలాంటి రోడ్డు మీదికి ఎక్కడ పడితే అక్కడ ఎక్కలేం. ఎక్కే చోటు దగ్గర్లో ఉంటేనే ఊరికి లాభం, లేకపోతే పొలం పోయిందంతే. అయితే భూమి ఇచ్చినవాళ్లకు పరిహారం ఒక్కసారే వస్తుంది. పసిఫిక్‌లో నౌరూ అనే దీవి తన నేలలోని ఫాస్ఫేట్ తవ్వి అమ్మి, 1970ల్లో తలసరి ఆదాయంలో ప్రపంచంలోని అగ్ర దేశాల సరసన నిలిచింది. ఫాస్ఫేట్ అడుగంటేసరికి దాచిన నిధి చాలావరకు చెడు పెట్టుబడుల్లో కరిగిపోయింది. బోనకల్‌లో ఆ పరిహారంలో కొంతైనా ఒక కోల్డ్ స్టోరేజీకో, కాయలు ఆరబోసే సిమెంటు కల్లాలకో, కారం మిల్లుకో పోతే, రైతు జెండా పాట విన్న రోజే సరుకు తెగనమ్ముకోనక్కర్లేదు. అది నలుగురు కలిసి పెట్టుకోవలసిన ఖర్చు. ఖమ్మంలో ప్లాటు మాత్రం ఒక్కడే కొనుక్కోవచ్చు.