గుడ్డు పెడుతుంది, పొదుగుకు రాదు

వనరాజా పెట్టకు గుడ్డు పెట్టడం తెలుసు. దాని మీద కూర్చోవడం తెలియదు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం పల్లె పెరళ్ల కోసమే తయారుచేసిన రకం అది. గ్రామప్రియ కూడా అక్కడిదే. రంగురంగుల ఈకలతో నాటుకోడిలాగే కనిపిస్తాయి, పురుగూ పుట్రా ఏరుకు తింటాయి, గుడ్లు మాత్రం నాటుదానికి రెట్టింపుకు మించి పెడతాయి. కాకపోతే ఓ మెలిక ఉంది. పొదుగుకొచ్చిన పెట్ట గుడ్లు పెట్టడం మానేస్తుంది. గుడ్లు పెరగాలని తరతరాలుగా పెట్టలను ఏరుకుంటూ పోతే ఆ పొదిగే గుణమే పోయింది. పైగా ఇవి సంకరాలు. తల్లి గుణాలన్నీ పిల్లల్లో నిలవవు. అంటే కొండ పల్లెలకు ప్రతి విడతా కొత్త పిల్లలు కింద నుంచి ఘాట్‌రోడ్డెక్కి రావలసిందే.

మైదానంలో చాలామంది ఇంట్లోనే చేసుకునే థర్మోకోల్ పెట్టె ఇంక్యుబేటర్ అరకు, పాడేరు కొండల మీద పనికొస్తుందా? వస్తుందనే నా అభిప్రాయం. అయితే అందులో పెట్టాల్సింది నాటుకోడి గుడ్లు. పెట్టను పక్కకు నెట్టేసి కాదు, దాన్ని తోడు పెట్టుకుని.

నాటుపెట్ట లెక్క చూడండి. పది పదిహేను గుడ్లు పెడుతుంది, 21 రోజులు పొదుగుతుంది, ఆపైన రెండు నెలలకు పైగా పిల్లలను వెంటేసుకు తిరుగుతుంది. ఏడాదికి మూడు నాలుగు విడతలకు మించదు. ఊళ్లో బుట్టలో గడ్డి పరిచి, గుడ్లు పేర్చి, ఉరుములకు మురిగిపోకుండా ఓ ఇనుప ముక్క, బొగ్గు పక్కన పెట్టి పొదగేస్తారు. ఆ గుడ్లను పెట్టెలోకి మార్చి, పెట్టను పొదుగు మాన్పిస్తే కొద్ది వారాల్లోనే మళ్లీ గుడ్లకు వస్తుంది.

పెట్టెలో ఉండేవి ఓ బల్బు, చిన్న ఫ్యాను, వేడిని కొలిచి బల్బును ఆర్పి వెలిగించే థర్మోస్టాట్, నీళ్ల గిన్నె. ఫ్యాను ఉంటే 37.5 డిగ్రీలు. లేకపోతే గుడ్ల పైభాగం దగ్గర మరో డిగ్రీ ఎక్కువ. రోజుకు మూడుసార్లో ఐదుసార్లో గుడ్లు తిప్పాలి. బేసి సంఖ్య ఎందుకంటే, రాత్రంతా కదలకుండా ఉండే గుడ్డు నిన్నటి పక్కకే ఇవాళా ఒరగకూడదు. తిప్పకపోతే లోపలి పిండం పెంకు పొరకు అంటుకుపోతుంది. ఏడో రోజు చీకట్లో ఫోన్ టార్చి మీద గుడ్డును ఆనిస్తే ఎర్రటి నరాల వల కనబడాలి. కనబడకపోతే అది వట్టిగుడ్డు. (కిరాణా కొట్టు తెల్లగుడ్లు పెట్టి ఎదురుచూసేవాళ్లూ ఉన్నారు. లేయర్ ఫారాల్లో పుంజులుండవు, పిల్లలు ఎక్కడివి?)

గిన్నెలో నీళ్ల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పొదిగే కాలంలో గుడ్డు తన బరువులో దాదాపు ఎనిమిదో వంతు తేమను పోగొట్టుకోవాలి. అలా ఖాళీ అయిన చోటే లావు కొనలో గాలి గది పెరుగుతుంది. పిల్ల తొలి శ్వాస ఆ గదిలోనే. తేమ మరీ ఎక్కువైతే ఆ గది చాలదు, తక్కువైతే పొర ఎండి పిల్లను బిగించేస్తుంది. అందుకే మొదటి 18 రోజులు 50 శాతం దగ్గర ఉంచి, తిప్పడం ఆపాక 65, 70కి పెంచుతారు. అప్పుడిక మూత తీయకూడదు. ఎంత ముచ్చటపడినా సరే.

బాతుగుడ్డుకు 28 రోజులు. ఎక్కువ గుడ్లు పెట్టే బాతులూ పొదుగుకు రావు, వాటి గుడ్లు కోడి కింద పెట్టడం పాత పద్ధతే. రెండూ ఒకే పెట్టెలో కావాలంటే బాతుగుడ్లు ముందు పెట్టి, వారం తర్వాత కోడిగుడ్లు చేర్చాలి. పిల్లలు కలిసే వస్తాయి.

ఇక కొండ సంగతి. 1955 నుంచి కరెంటు పుట్టిస్తున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఈ కొండల్లోదే. అయినా గాలివానకు స్తంభం ఒరిగితే చీకటే. భయపడనక్కర్లేదు. పెట్ట కూడా మేతకు రోజూ కాసేపు గుడ్లు వదిలి లేస్తుంది. గంటా రెండు గంటలు దుప్పటి కప్పితే చాలు. చల్లదనం కంటే వేడి ముదరడమే ప్రమాదం. అరకు చలి ఒకందుకు మేలు కూడా చేస్తుంది. పొదగేసే ముందు గుడ్లు వారం దాకా 15 నుంచి 18 డిగ్రీల్లో, సన్నకొన కిందికి ఉండాలి. ఇక్కడ చలికాలంలో దానికి ఫ్రిజ్ అక్కర్లేదు.

అసలు చిక్కు పిల్లలు బయటికొచ్చాక. పెట్టె 21 రోజుల పని చేస్తుంది, అక్కడితో దాని కొలువు అయిపోతుంది. తొలి వారం పిల్లలకు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. గద్దను చూసి వేసే కేక, ముంగిస మీదికి దూకే తెగువ ఏ థర్మోస్టాట్‌కూ రావు. లంబసింగి వైపు పాదరసం సున్నా దాకా దిగే రాత్రుల్లో మూసిన గదిలో కుంపటి పెట్టారా, పిల్లలతో పాటు మనుషులకూ ముప్పే. కాబట్టి నాలుగైదు గుడ్లతో ఓ నాటుపెట్టను అదే రోజుల్లో పొదగేయాలి. పెట్టెలో పుట్టిన పిల్లలను రాత్రి చీకట్లో దాని రెక్కల కిందికి జార్చాలి. తెల్లారేసరికి మామూలుగా అన్నిటినీ తనవే అనుకుంటుంది.

పుట్టిన పిల్లలను పంచుకోవడం మన్యానికి కొత్త కాదు. ఆంత్ర సంస్థ తూర్పు గోదావరి మన్యంలో ఆదివాసీ మహిళలతో అసీల్ కోళ్ల మీద చేసిన పనికి ఆధారం వాటా పద్ధతే. పెట్టను తీసుకున్నామె పిల్లల్లో వాటా తిరిగి ఇస్తుంది, అది మరో ఇంటికి చేరుతుంది. పెట్టెను కూడా ఇంటికొకటి కాకుండా ఇలా నడిపితే నయం. ఆదివాసీల ఇటుకల పండుగకైనా సంతలో అమ్ముకోవడానికైనా నాటుకోడికి గిరాకీ ఎప్పుడూ ఉన్నదే.

ఇలా కలిసి నడపడానికి ఇంకా పెద్ద కారణం కొక్కెర తెగులు. ఎండలు ముదిరితే వాడలకు వాడలే ఊడ్చేస్తుంది. దానికి లసోటా టీకా ఉంది, పుట్టిన వారంలోపు కంట్లో ఒక్క చుక్క. కానీ సీసా కనీసం వంద పిల్లలకు సరిపడా వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. ఒక్కో ఇంట్లో ఒక్కో తేదీన పది పిల్లలు పుడితే ఆ సీసా ఎవరు విప్పుతారు? నాలుగైదు ఇళ్ల గుడ్లు ఒకే రోజు పెట్టెలో పెడితే పిల్లలూ ఒకే రోజు వస్తాయి. టీకాలు వేసే పశుమిత్ర ఐస్ డబ్బాలో సీసా పట్టుకుని ఒక్కసారి కొండెక్కితే సరిపోతుంది.